పరుపు ఒకటి, మోయువారు నలుగురు

ధ్యాన భాగము: మార్కు సువార్త 2:1–12



త్రాగుడు, గంజాయి మొదలగు మత్తు పదార్థములకు లోబడిపోయినవారికి చేతిలోని ఫోను ద్వారా చికిత్స చేయు పద్ధతి ఈ దినములలో వ్యాపించుచున్నది. వీటిని యాప్‌లు అందురు. ఫోనులో ఒక పాఠము వచ్చును. రోగి దానిని చదువును, లేక వినును. నేడు మనస్సు సీసా వైపు లాగినదా అని అది అడుగును. అతడు జవాబు చెప్పును. అర్ధరాత్రివేళ కోరిక పుట్టినప్పుడు, అందరును నిద్రించుచుండగా, ఏమి చేయవలెనో అది అతనికి జ్ఞాపకము చేయును.

దీనినిగూర్చి సంఘములలో రెండు విధములైన మాటలు వినబడుచున్నవి. ఇంత సులువైన సాధనము వచ్చినది గదా, ఇక మనకు భారమేమి అని కొందరు సంతోషించుచున్నారు. ఆత్మను పట్టి పీడించు వ్యసనమును యంత్రము కుదుర్చునా, ప్రార్థన లేదా, వాక్యము లేదా అని మరికొందరు అడుగుచున్నారు. మొదటివారు యంత్రము మీద భారము మోపి తాము తప్పుకొనుచున్నారు. రెండవవారు యంత్రమును త్రోసివేయుచు, దానివలన మేలు పొందదగిన మనుష్యుని కూడ తెలియకయే త్రోసివేయుచున్నారు. ఈ రెండు మాటలలోను తొందరపాటు ఉన్నదని మాకు తోచుచున్నది. మనము అడుగవలసిన ప్రశ్న ఇది: వ్యసనములో పడిన సహోదరుని యంత్రమునకు అప్పగించుట న్యాయమా? అప్పగించినయెడల మన వంతు ఏమి మిగిలియుండును?

ప్రభువు కపెర్నహూములో ఒక ఇంట నుండగా నలుగురు మనుష్యులు పక్షవాయువుగల ఒకనిని మోసికొనివచ్చిన సంగతి మనమందరము బాల్యమునుండి ఎరిగినదే. వాకిట నిలుచుటకైనను చోటు దొరకనందున వారు ఇంటిపైకెక్కి, కప్పు తీసి, పరుపుతో సహా అతనిని ప్రభువు ఎదుటికి వదలిరి. ఆ నలుగురి విశ్వాసమునుగూర్చి అనేక ప్రసంగములు విన్నాము. ఆ పరుపునుగూర్చి విన్నవి బహు కొద్ది. నేడు ఆ పరుపును కూడ కొంచెము చూడగోరుచున్నాము.

పరుపు ఎట్టిది?

ముందుగా ఈ సాధనములు ఏమి చేయగలవో, ఏమి చేసినవో న్యాయముగా తెలిసికొందము. అమెరికా దేశమందు మందులకు అనుమతినిచ్చు ఎఫ్.డి.ఏ. అను ప్రభుత్వశాఖ 2017 సెప్టెంబరులో "రీసెట్" అను సాధనమునకు అనుమతినిచ్చెను. మత్తు వ్యసనమునకు డాక్టరు చీటీ మీద ఇయ్యదగిన యాప్‌గా మొదట అనుమతి పొందినది ఇదే. మద్యము, గంజాయి, కొకెయిను మొదలగువాటికి లోబడినవారు, ఆసుపత్రికి వచ్చిపోవుచు చేయించుకొను మామూలు చికిత్సతోపాటు, దీనిని 12 వారములు వాడుదురు. చికిత్సకు బదులు ఇది కాదు, చికిత్సతోకూడ ఇది.

దీనికి మూలమైన పాఠములను అంతకుముందు అమెరికాలోని 10 కేంద్రములలో 507 మందికిచ్చి పరీక్షించిరి. ఆ పరీక్షా ఫలితములు 2014లో ప్రచురింపబడెను. ఓపియాయిడ్ వ్యసనము గలవారిని విడిచి మిగిలినవారిని లెక్కించి చూడగా, ఈ సాధనము వాడినవారిలో 40.3 శాతము మంది మత్తును మానియుండిరి; మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో 17.6 శాతము మంది మానియుండిరి. ఇది చిన్న సంగతి కాదు. నూరు ఇండ్లలో అదనముగా ఇరువదికి పైగా ఇండ్లలో దీపము వెలిగినట్టు ఎంచుడి.

అయితే రెండవ సాక్ష్యమును కూడ వినవలెను. 2018 డిసెంబరులో ఓపియాయిడ్ వ్యసనము గలవారికొరకు "రీసెట్-ఓ" అను మరియొక సాధనమునకు అనుమతి వచ్చెను. దానిని వాడినవారిలో 82.4 శాతము మంది 12 వారములు చికిత్సలో నిలిచిరి, వాడనివారిలో 68.4 శాతము మంది నిలిచిరి. కాని మత్తు వాడుకను అది తగ్గించినట్టు లెక్కలలో కనబడలేదు. రోగి వైద్యుని వాకిటనుండి వెళ్లిపోకుండ ఆపగలిగినది. అంతకు మించి చేసినదని చెప్పుటకు ఆధారము లేదు.

మరియొక సంగతి. వీటిని తయారుచేసిన పేర్ థెరప్యూటిక్స్ అను కంపెనీ 2023 ఏప్రిలులో దివాలా తీసెను. తరువాత ఇతరులు ఆ సాధనములను కొనిరి. జబ్బు కుదర్చగల వస్తువు కూడ సంతలో నిలువలేకపోవచ్చును. పరుపు చినుగవచ్చును. మోయువారు కూడ దానితోపాటు చెదరిపోయినయెడల, మధ్యత్రోవలో ఉన్న రోగి గతి ఏమి?

ఇప్పుడు మమ్మును మిక్కిలి ఆలోచింపజేసిన విషయము చెప్పెదము. రీసెట్‌లోని పాఠములకు పునాదియైన చికిత్సా పద్ధతి యంత్రములనుండి పుట్టలేదు. 1973లో జార్జి హంట్, నేతన్ అజ్రిన్ అను ఇద్దరు పండితులు దానిని ప్రకటించిరి. త్రాగుబోతుకు త్రాగుడు చెడ్డదని చెప్పుట చాలదు, త్రాగుడు లేని బ్రతుకు త్రాగుడుకంటె మేలైనదిగా అతనికి రుచింపవలెను అనునది వారి తలంపు. అందుచేత వారు రోగికి పని వెదకి ఇప్పించిరి. భార్యాభర్తలను కూర్చుండబెట్టి మాటలాడించిరి. ఒక పాత సారా దుకాణమును త్రాగుడు లేని క్లబ్బుగా మార్చి, సాయంకాలములు గడుపుటకు చోటు కల్పించిరి. ఆ పద్ధతి పేరులోనే "సమాజము" అను మాట యున్నది. అనగా, నేడు ఫోనులో నున్న పాఠము రోగికి నేర్పుచున్నది ఏమనగా, నీకు మనుష్యులు కావలెను అని. యంత్రము తన నోటితోనే సాక్ష్యమిచ్చుచున్నది: నేను చాలను, నీ పొరుగువాని యొద్దకు పొమ్ము అని.

కప్పు తీసిన మార్గము

అట్లయిన, మనుష్యులే చాలరా, ఈ సాధనము ఎందుకు అని అడుగవచ్చును. మన దేశపు స్థితి చూడుడి. కేంద్ర ప్రభుత్వము ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులచేత చేయించి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారము, మద్యమువలని బాధలకు సహాయము అవసరమైనవారు ఇండియాలో 5 కోట్ల 70 లక్షల మంది. మద్యమునకు పూర్తిగా లోబడినవారిలో 38 మందికి ఒక్కరే ఏదో యొక చికిత్స పొందినట్టు చెప్పిరి. మిగిలిన 37 మంది ఎక్కడ నున్నారు? వారు మన వీధిలో నున్నారు. మన కూలి అడ్డాలలో, మన ఆఫీసులలో, మన వెనుక బల్లలమీద ఉన్నారు.

వారు ఎందుకు రాలేదు? ఆసుపత్రి దూరము, కూలి పోవును, ఖర్చు భయము. అన్నిటికంటె సిగ్గు పెద్దది. డీ-అడిక్షన్ సెంటరు మెట్లు ఎక్కుచుండగా ఎవరైన చూచినయెడల కుమార్తె పెండ్లి ఏమగునో అని తల్లి భయము. కపెర్నహూములో వాకిలి మూసినది శత్రువులు కారు. వాక్యము వినవచ్చిన జనమే వాకిట నిండిపోయి రోగికి దారి లేకుండ చేసిరి. ఈ మాట మనము నిదానముగా ఆలోచింపవలెను. ఆ జనములో ఒక్కరును చెడ్డపని చేయుచుండలేదు. ప్రతివాడును తన చోట భక్తితో నిలిచి వినుచుండెను. అయినను ఆ భక్తిగల వీపులు కలిసి ఒక గోడయైనవి.

వాకిలి మూసియున్నప్పుడు కప్పు తీయుట తప్పు కాదు. ఫోను అట్టి మార్గము. పల్లెలో నున్నవానికి, రాత్రి డ్యూటీ చేయువానికి, వైద్యుని ఎదుట నోరు విప్పలేనివానికి అది ఒక సందు. ఇంటి పెంకులు పాడైనవని ప్రభువు ఆ నలుగురిని గద్దింపలేదు. యెషయా గ్రంథము 38వ అధ్యాయములో హిజ్కియా కన్నీళ్లతో ప్రార్థించెను, దేవుడు ఆలకించెను. అయినను ప్రవక్త అంజూరపు ముద్ద తెప్పించి పుండుకు కట్టించెను. ప్రార్థనకును సాధనమునకును వైరము లేదు.

మన సంఘ చరిత్రలోనే దీనికొక దృష్టాంతమున్నది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అను మెథడిస్టు విశ్వాసి ద్రాక్షరసము పులియకుండ వేడిచేసి నిలువ ఉంచు పద్ధతిని కనుగొనెను. ప్రభువు బల్లయొద్ద త్రాగుడు మానిన బలహీన సహోదరునికి ఆ గిన్నె ఉరి కాకూడదని అతని ఉద్దేశము. అది ఆ కాలపు నూతన విజ్ఞానమే. రోమా పత్రిక 14వ అధ్యాయములో అపొస్తలుడు బోధించిన ప్రేమ, విజ్ఞానమును పనివానిగా పిలుచుకొన్నది. సాధనము ప్రేమకు పనివాడుగా నున్నంతకాలము మనము దానికి భయపడనక్కరలేదు.

పాపమా? రోగమా?

ఇక్కడ పెద్దలు కొందరు మరియొక ప్రశ్న వేయుదురు. త్రాగుడు పాపము గదా. దానిని రోగమని పిలిచి, దానికి చికిత్స యని పేరుపెట్టినయెడల మనుష్యుడు తన బాధ్యతనుండి తప్పించుకొనడా?

డాక్టర్లు చెప్పునది విందము. బహుకాలము త్రాగినవాని మెదడు మారును. సంతోషము, కోరిక, నిగ్రహము పుట్టు స్థానములు త్రాగుడుకు అలవాటుపడి, అది లేనిదే నిలువలేని స్థితికి వచ్చును. మొదటి గ్లాసు అతడు కోరుకొని త్రాగియుండవచ్చును. నూరవ గ్లాసు అతనిని కోరి త్రాగించుచున్నది. బానిసత్వమనగా ఇదే. ఈ సంగతి రోమా పత్రిక 7వ అధ్యాయము చదివినవారికి క్రొత్తది కాదు.

మన ధ్యాన భాగములో ప్రభువు ఏమి చేసెనో చూడుడి. రోగి మంచము పట్టియుండగా, మొదట అతని పాపములు క్షమింపబడినవని చెప్పెను. తరువాత లేచి నడువుమని ఆజ్ఞాపించెను. శాస్త్రులు ఆ రెంటిని విడదీసి వాదించిరి. ప్రభువు ఆ రెంటిని ఒకే మనుష్యునికి, ఒకే ఘడియలో ఇచ్చెను. పాపము మాత్రమే అనువారు రోగిని వైద్యునికి దూరముచేయుదురు. రోగము మాత్రమే అనువారు అతనిని క్షమాపణకు దూరముచేయుదురు. రెండును ఒప్పుకొన్నవారే అతనిని సంపూర్ణముగా ప్రేమించగలరు. కాబట్టి ఫోనులో చికిత్స పొందుచున్న సహోదరుడు తన బాధ్యతను విడిచిపెట్టలేదు. ప్రతి దినము సత్యము చెప్పుటకు కూర్చుండుటయే అతడు మోయుచున్న బాధ్యత.

బహుమానములనుగూర్చి కూడ ఒక మాట. ఈ పద్ధతులలో కొన్నింట, మూత్రపరీక్షలో మత్తు కనబడనప్పుడు, పాఠము పూర్తిచేసినప్పుడు, రోగికి చిన్న బహుమానము దొరకును. మంచితనమునకు కూలి ఇత్తురా యని కొందరికి ఇది అసహ్యముగా తోచును. కాని చేదు మందు మ్రింగిన బిడ్డ నోట తల్లి బెల్లపు ముక్క పెట్టును. బెల్లము మందు కాదు, తల్లి ప్రేమకు వెల కాదు. రేపు మరల నోరు తెరచుటకు ధైర్యము. రక్షణ కూలి కాదు, కృప. దానిలో సందేహము లేదు. అయితే ఇక్కడ మాటలాడుచున్నది మందును మ్రింగించుటనుగూర్చియే.

యంత్రముతో చెప్పుకొన్న రహస్యము

మనుష్యునితో చెప్పలేని మాట ఫోనుతో ఎందుకు చెప్పుచున్నారు? ఈ ప్రశ్నకు జవాబు సంఘమును నొప్పించును, అయినను చెప్పవలసినదే. యంత్రము ముఖము చిట్లించదు. నిన్ననే ప్రమాణము చేసితివి గదా యని దెప్పదు. భార్యవైపు వారితో చెప్పదు. మరి సంఘములో ఏమి జరుగును? ఒకడు పాస్టరు అయ్యగారితో కన్నీళ్లతో చెప్పుకొనిన మాట బుధవారపు కూటములో ప్రార్థన మనవియై, గురువారమునకు వీధి మాటయై, ఆదివారమునకు అతని భార్య తలదించుకొని వెనుక తలుపున వచ్చి వెనుక తలుపున పోవునట్లు చేయును. యాకోబు పత్రిక 5వ అధ్యాయము ఒకనితో నొకడు పాపములు ఒప్పుకొనుమని బోధించుచున్నది. ఆ బోధలో చెప్పువానికి ఒక పని, వినువానికి ఒక పని ఉన్నవి. చెప్పువానికి ధైర్యము కావలెను. వినువానికి నోటికి కాపు కావలెను. వినువారు కాపులేని నోళ్లు గలవారైనప్పుడు, చెప్పువారు యంత్రమును వెదకుట ఆశ్చర్యము కాదు.

అయితే యంత్రమునకు నోరు లేదని నమ్మువారు కూడ మోసపోవుచున్నారు. 2024 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వ వర్తక సంఘమైన ఎఫ్.టి.సి., మాన్యుమెంట్ అను మద్యపాన చికిత్సా సంస్థ మీద ఫిర్యాదు చేసెను. రహస్యముగా నుంచెదమని మాటయిచ్చి, 84,000 మంది వరకు ఉన్న వినియోగదారుల సంగతులను మెటా, గూగుల్ వంటి ప్రకటనల కంపెనీలకు అందించినదని ఆ ఫిర్యాదు. ఆరోగ్య సమాచారమును ప్రకటనలకొరకు ఇతరులకు ఇయ్యకూడదని ఆ సంస్థను కట్టడిచేసిరి. ఆలోచించుడి: ఒకడు తన జీవితములో ఎన్నడును ఎవరితోను చెప్పని మాటను వణకుచున్న వ్రేళ్లతో వ్రాయగా, ఆ మాట సంతలో సరుకైనది.

సామెతల గ్రంథము 11వ అధ్యాయములో రహస్యమును బయటపెట్టువానికిని నమ్మకముగా దాచువానికిని భేదము చూపబడినది. ఆ కొలత మనుష్యులకు వర్తించినట్లే కంపెనీలకును వర్తించును. కాబట్టి ఇట్టి సాధనమును ఒకనికి చూపించువారు ముందుగా విచారింపవలెను. దీని వెనుక డాక్టరో ఆసుపత్రియో ఉన్నదా? ఇది పరీక్షింపబడినదా, లేక ప్రకటన మాత్రమేనా? వ్రాసిన మాటలు ఎక్కడికి పోవును? ఉచితమైనయెడల, వెల ఎవరు చెల్లించుచున్నారు? అంగడిలో బియ్యము కొనునప్పుడు గింజ నలిపి చూచు మనము, ఆత్మల సంగతి దాచుచోటును చూడక విడువవచ్చునా?

పరుపు చేయలేనిది

ఒక హెచ్చరిక మిక్కిలి అవసరము. ఎన్నో సంవత్సరములుగా ప్రతి దినము మిక్కుటముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల, వణకు, ఫిట్స్, మతిభ్రమణ కలుగవచ్చును; ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము కూడ. ఉజ్జీవ కూటములో తీర్మానము చేసికొన్నవాడైనను, ఫోనులో యాప్ పెట్టుకొన్నవాడైనను, ముందు డాక్టరును చూడవలెను. ఆ దినములలో మందులు కావలెను, కనిపెట్టియుండు మనుష్యుడు కావలెను. యంత్రము నాడి పట్టి చూడలేదు.

ఇంకను అది చేయలేనివి కలవు. రోగి అబద్ధము చెప్పినయెడల, కన్నులు చూచి తెలిసికొనలేదు. తండ్రి అడుగుల చప్పుడు వినగానే మంచము క్రింద దాగు బిడ్డను అది ఓదార్చదు. అప్పు తీర్చదు. పని ఇప్పించదు. అతడు మరల పడిన రాత్రి, పిలువకుండనే తలుపు తట్టదు.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు దీనిని గ్రహించినట్టున్నది. వారు చేసిన "ఏ-చెస్" అను సాధనము, ఆసుపత్రిలో నుండి చికిత్స ముగించుకొని ఇంటికి వెళ్లువారికొరకైనది. పూర్వము త్రాగుచుండిన చోటికి రోగి సమీపించినయెడల అది హెచ్చరించును. అంతేకాక, అందులో ఒక బొత్తాము ఉన్నది. ఆపదవేళ దానిని నొక్కినయెడల, అతడు ముందే పేర్కొనిన ఆప్తులకు కబురు పోవును. 349 మందిమీద చేసి 2014లో ప్రకటించిన పరీక్షలో, దానిని వాడినవారు 30 దినములలో సగటున 1.39 దినములు అపాయకరముగా త్రాగిరి, వాడనివారు 2.75 దినములు త్రాగిరి. అయితే ఆ బొత్తాము నొక్కినప్పుడు అవతల ఎవరో ఒకరు ఉండవలెను గదా? మన సంఘములో ఎంతమంది పేర్లు ఒక త్రాగుబోతు తన ఫోనులో ఆ బొత్తాము వెనుక వ్రాసికొనగలడు? ఈ ప్రశ్నను ప్రతివాడును తన్ను తాను అడిగికొనుట మంచిది.

సాధనము మనుష్యునియొద్దకు నడిపించిన చరిత్ర ఒకటి కలదు. 1935 మే నెలలో, త్రాగుడు మాని అయిదు నెలలే అయిన బిల్ విల్సన్ అను వ్యాపారస్థుడు అమెరికాలోని ఆక్రన్ పట్టణమునకు వచ్చెను. వ్యాపారము చెడెను. హోటలు వసారాలో ఒంటరిగా నిలిచియుండగా, ఒకవైపు మద్యశాల సందడి, ఇంకొకవైపు టెలిఫోను. అతడు టెలిఫోనువైపు తిరిగెను. అక్కడనున్న సంఘముల పట్టీ చూచి ఒక పాదిరికి ఫోను చేసి, తనవలె త్రాగుడుతో పోరాడుచున్న మరియొకనితో మాటలాడవలెనని కోరెను. ఆ పిలుపు ఒక ఇల్లాలియొద్దకును, ఆమె ద్వారా మరునాడు బాబ్ స్మిత్ అను డాక్టరు యొద్దకును నడిపించెను. అదే సంవత్సరము జూన్ 10న ఆ డాక్టరు త్రాగిన గ్లాసే అతని చివరి గ్లాసు. నేడు లోకమంతట వ్యాపించిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సహవాసము ఆ దినమును తన పుట్టినదినముగా ఎంచుచున్నది. టెలిఫోను లేనియెడల ఆ కలయిక లేదు. అయితే పాదిరి అవతల ఫోను ఎత్తనియెడల టెలిఫోను వలన ప్రయోజనమేమి?

మన దేశములోనే గోవా రాష్ట్రమందు జరిగిన ఒక పరీక్షను కూడ చెప్పవలెను. అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు వచ్చిన, హానికరముగా త్రాగు 377 మంది పురుషులను సంగత్ అను సంస్థవారు ఎన్నుకొనిరి. వారిలో కొందరితో, వైద్యులు కాని సామాన్య మనుష్యులు, కొద్దిపాటి శిక్షణ పొందినవారు, నాలుగు సార్లకు మించకుండ కూర్చుండి మాటలాడిరి. 2017లో ప్రచురించిన ఫలితము ప్రకారము, మూడు నెలల తరువాత అట్లు మాటలాడించుకొన్నవారిలో 42 శాతము మంది, గడచిన 14 దినములలో త్రాగలేదని చెప్పిరి. ఇతరులలో 18 శాతము మంది అట్లు చెప్పిరి. డిగ్రీలు లేని మనుష్యుడు, దెప్పకుండ, తొందరపడకుండ, ఎదురుగా కూర్చుండి వినుటయే అక్కడి మందు. అట్టి మనుష్యులు ఏ సంఘములో లేరు?

నాలుగు కొనలు

కాబట్టి మొదటి ప్రశ్నకు మా జవాబు ఇది: సహోదరుని యంత్రముపై పరుండబెట్టవచ్చును, యంత్రమునకు అప్పగింపకూడదు. పరుపు వేరు, మోయువారు వేరు. పరుపునకు నాలుగు కొనలున్నవి.

మొదటి కొన డాక్టరు పట్టవలెను. చికిత్స ఆయన ఎరిగినది; మనము ఆయన పని చేయబోకూడదు, ఆయన పనికి అడ్డు రాకూడదు.

రెండవ కొన ఇంటివారు పట్టుదురు. అయితే వారి చేతులు ఇప్పటికే అలసియున్నవి. ఎన్నో సంవత్సరములు ఒంటరిగా మోసిన భార్యకు, తల్లికి కొంచెము విశ్రాంతి ఇచ్చుట సంఘపు ధర్మము. ఆమె ఓర్పును పొగడుట చాలదు. ఆమె ఇంటి బియ్యపు డబ్బాను, పిల్లల స్కూలు ఫీజును కూడ విచారింపవలెను. అతడు కొట్టుచున్నయెడల ఓర్చుకొమ్మని చెప్పక, ఆమెను పిల్లలను క్షేమమైన చోట ఉంచవలెను.

మూడవ కొన, అదే గుంటలోనుండి లేచినవాడు పట్టవలెను. అతని మాట చేరినంత దూరము మన ప్రసంగములు చేరవు. అట్టివారిని సాక్ష్యమునకు మాత్రమే వేదిక మీదికి పిలిచి, పిమ్మట మరచిపోవుట అన్యాయము.

నాలుగవ కొన మనది. సంఘములో ఇద్దరు ముగ్గురు, నోరు కాచుకొనగలవారు, గోవాలోని సామాన్యులవలె వినుట నేర్చుకొనవలెను. సాయంకాలము ఆరు గంటలకు, సారా అంగడి పిలుచు వేళకు, ఒకరు అతనితో టీ త్రాగుటకు పోవలెను. జిల్లాలోని డీ-అడిక్షన్ సెంటరు ఎక్కడనున్నదో సంఘ పెద్దలు తెలిసికొనియుండవలెను. మత్తు వ్యసనములకు ప్రభుత్వపు ఉచిత ఫోను 14446. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ ఫోను 14416, తెలుగులో కూడ మాటలాడుదురు. ఈ రెండు నంబర్లను దేవాలయపు వాకిట, అందరికి కనబడునట్లు, వివాహ ప్రకటనల ప్రక్కనే అంటించుట మంచిది. అప్పుడు అడుగుటకు సిగ్గుపడువాడు అడుగకుండనే చదువుకొనును.

మరియు అతడు మరల పడవచ్చును. ఈ రోగములో పడుట, లేచుట అరుదైన సంగతి కాదు. పడినప్పుడు ఫోనులోని లెక్క మరల ఒకటవ దినమునుండి మొదలగును. అయితే మనము లెక్క ఆపరాదు. డెబ్బది ఏళ్ల మారులు క్షమింపుమని పేతురునకు బోధించిన ప్రభువు, త్రాగుబోతును ఆ లెక్కనుండి మినహాయింపలేదు.

మార్కు సువార్తలోని ఈ కథ చివర ఒక చిన్న సంగతి యున్నది. ప్రభువు అతనిని లేవనెత్తి, ఆ పరుపును అక్కడ విడిచి రమ్మని చెప్పలేదు. ఎత్తికొని ఇంటికి పొమ్మనెను. అంతవరకు పరుపు అతనిని మోసినది. ఆ దినమునుండి అతడు పరుపును మోసెను. గలతీ పత్రిక 6వ అధ్యాయములో, ఒకని భారముల నొకడు భరించవలెనను బోధయు, ప్రతివాడును తన బరువు తాను మోయవలెనను బోధయు కొద్ది వచనముల దూరములో నున్నవి. అవి ఒకదానితో నొకటి పోరాడవు. మొదటిది లేవలేనివానికొరకు మనము చేయవలసినది. రెండవది లేచిన తరువాత అతడు ఘనతతో చేయునది. త్రాగుడు మానిన మనుష్యుడు తన ఫోనును జేబులో వేసికొని, ఇంకొక త్రాగుబోతు ఇంటికి నడచిపోవుచుండగా చూచు దినము మన సంఘములకు కలుగును గాక. అంతవరకు, సహోదరులారా, మన కొన మనము విడువకుందము. విడిచినయెడల పరుపు ఒరుగును, పడువాడు మన సహోదరుడే.

ప్రభువు మన చేతులకు బలమును, మన నోళ్లకు కావలియు దయచేయును గాక. ఆమేన్.